బ్రేకు తొక్కితే టెయిల్ లైటు ఆరిపోతోందా? స్విచ్ జోలికి వెళ్లేముందు ఎర్త్ చూడండి

మీరు రాసినదాన్ని ఒకసారి కుదించి చెబుతాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. 1960ల నాటి బ్రిటిష్ సెలూన్ కారు. 12 వోల్టులు, నెగటివ్ ఎర్త్, అంటే బ్యాటరీ మైనస్ బాడీకి కలిపి ఉంటుంది, కరెంటు బ్యాటరీకి తిరిగి వెళ్లే ఆ దారినే ఎర్త్ అంటాం. బాడీ పని చేయించి కొత్త పెయింటు వేయించాక బ్రేక్ లైట్ల గొడవ మొదలైంది. పగలు బ్రేకు తొక్కితే ఎడమ లైటు బాగానే వెలుగుతోంది, కుడిది మాత్రం టెయిల్ ల్యాంపు అంత వెలుగే ఇస్తోంది. రాత్రి టెయిల్ లైట్లు వేసి బ్రేకు తొక్కితే ఇంకా విచిత్రం: కుడి పక్క లైటు మొత్తానికే ఆరిపోతోంది. దీనికి తోడు పెడల్ మీద గట్టిగా కాలు వేస్తే తప్ప ఏ పక్కా వెలగడం లేదు. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని నెట్టే భాగం) దగ్గరున్న బ్రేక్ స్విచ్ మార్చారు, కుడి పక్క సంగతి ఎక్కడిదక్కడే ఉంది. ఇప్పుడు వైరింగ్ మొత్తం పీకి కొత్తది వేయిద్దామా అని అడుగుతున్నారు.

వద్దు. వైరింగ్ ముట్టుకోకండి. మీ కారులో ఉన్నవి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు లోపాలు. రెండూ ఒకేసారి బయటపడటంతో ఒకే జబ్బులా కనిపిస్తున్నాయి. కుడి పక్క లైటుకు ఎర్త్ అందడం లేదు. రెండోది, బ్రేక్ స్విచ్ ఆలస్యంగా కలుస్తోంది. విడివిడిగా చూస్తే రెండూ చిన్న పనులే.

ముందు కుడి పక్క సంగతి. ఆ హోల్డర్‌లో ఉన్నది రెండు ఫిలమెంట్ల బల్బు. ఐదు వాట్ల ఫిలమెంటు టెయిల్‌కి, 21 వాట్లది బ్రేకుకి. రెండింటికీ ప్లస్ వేర్వేరు వైర్ల మీద వస్తుంది కానీ వెనక్కి వెళ్లే దారి ఒక్కటే, బల్బు ఇత్తడి తొడుగు. అక్కడి నుంచి హోల్డరు, ల్యాంపు డబ్బా, డబ్బాని పట్టి ఉంచిన స్క్రూలు, ఆ తర్వాత బాడీ రేకు. ఆ పాతకాలం కార్లలో చాలావాటికి లైటు దగ్గర విడిగా ఎర్త్ వైరు ఉండదు, బాడీయే వైరు. ఇప్పుడు డబ్బా కింద కొత్త రబ్బరు గాస్కెట్ పెట్టారు, రేకు మీద మందంగా పెయింటు వేశారు, స్క్రూ రంధ్రాల్లోకీ పెయింటు దిగింది. కరెంటు తిరిగి వెళ్లే దారి మూసుకుపోయింది.

దారి మూసుకుపోయినా కరెంటు ఊరుకోదు, ఇంకో దారి వెతుక్కుంటుంది. పగలు బ్రేకు తొక్కినప్పుడు 21 వాట్ల ఫిలమెంటులోకి వచ్చిన కరెంటు తొడుగు దాకా వచ్చి, బయటికి పోలేక, పక్కనున్న ఐదు వాట్ల ఫిలమెంటులోకి వెనక నుంచి ఎక్కుతుంది. టెయిల్ వైరు మీదుగా ఎడమ టెయిల్, ముందు పార్కింగ్ బల్బులు, నంబరు ప్లేటు బల్బు, వీటన్నిటి గుండా ఎర్త్ చేరుకుంటుంది. ఈ వరసలో ఎక్కువ నిరోధం ఉన్నది ఆ ఐదు వాట్ల ఫిలమెంటుకే కాబట్టి వోల్టేజ్ దాదాపు అంతా దాని మీదే పడుతుంది, అదే వెలుగుతుంది. 21 వాట్లది ఎర్రబడను కూడా ఎర్రబడదు. అందుకే మీకు బ్రేక్ లైటు టెయిల్ లైటులా కనిపిస్తోంది. నిజానికి వెలుగుతున్నది టెయిల్ ఫిలమెంటే.

రాత్రి టెయిల్ లైట్లు వేసినప్పుడు కథ తిరగబడుతుంది. ఐదు వాట్ల ఫిలమెంటులోంచి వచ్చిన కరెంటు 21 వాట్ల ఫిలమెంటు మీదుగా బ్రేక్ వైరులోకి వెళ్లి, ఎడమ బ్రేక్ బల్బు గుండా ఎర్త్ అవుతుంది. ఆ రెండు పెద్ద ఫిలమెంట్లూ చల్లగా ఉన్నప్పుడు నిరోధం చాలా తక్కువ కాబట్టి టెయిల్ దాదాపు మామూలుగానే వెలుగుతుంది, మీకు అనుమానమే రాదు. అప్పుడు బ్రేకు తొక్కితే బ్రేక్ వైరులోకీ 12 వోల్టులు వస్తాయి. బల్బుకి అటూ ఇటూ ప్లస్సే, మైనస్ ఎక్కడా లేదు. రెండు ఫిలమెంట్లూ ఆరిపోతాయి. బ్రేకు తొక్కితే టెయిల్ ఆరిపోవడం అనే ఈ లక్షణం కనిపిస్తే నేనైతే ఇంకేదీ చూడకుండా నేరుగా ఎర్త్ దగ్గరికే వెళ్తాను.

ఇండికేటర్ బల్బు కూడా అదే డబ్బాలో ఉండి, అదే ఎర్త్ వాడుకునే కార్లు ఉన్నాయి. వాటిలో బ్రేకు తొక్కితే ఇండికేటర్ మసకగా వెలగడం, ఇండికేటర్ వేస్తే టెయిల్ లైటు కూడా దాంతో కలిసి కొట్టుకోవడం చూస్తాం. రోగం అదే, పైకి కనిపించే తీరే వేరు.

అయితే ఒక్క నిమిషం పట్టే పరీక్ష ఒకటి ముందే చేసేయండి. కుడి బల్బు ఎడమకి, ఎడమది కుడికి మార్చండి. లోపం బల్బుతోపాటు పక్క మారితే బల్బుదే తప్పు. ఒక ఫిలమెంటు తెగి రెండోదాని మీద పడి అంటుకుపోయిన బల్బులు ఉంటాయి. అలాంటి బల్బుంటే బ్రేకు తొక్కినప్పుడు డాష్‌బోర్డు దీపాలు, ముందు పార్కింగ్ లైట్లు స్పష్టంగా వెలుగుతాయి. ఎర్త్ పోయినప్పుడు అంత స్పష్టంగా వెలగవు, తేడా అక్కడ పట్టుకోవచ్చు. ఇంకోటి, ఈ రెండు ఫిలమెంట్ల బల్బుకి పక్కనుండే రెండు పిన్నులూ ఒకే ఎత్తులో ఉండవు. ఒక్క వైపే ఎక్కాలని అలా చేశారు. అరిగిపోయిన హోల్డర్‌లో కాస్త బలంగా నొక్కితే తిరగేసి కూడా ఎక్కుతుంది. అప్పుడు టెయిల్ కళ్లు చెదిరేలా, బ్రేకు మసకగా ఉంటుంది. బల్బు తీసినప్పుడే దాని అడుగున ఉన్న రెండు సీసపు చుక్కలు కూడా చూడండి. అవి గుంటలు పడి చదునైపోయి ఉంటే కొత్త బల్బు వేయండి. హోల్డర్ లోపలి ఫైబర్ బిళ్లని వేలితో నొక్కితే స్ప్రింగు మీద లేచి రావాలి. తుప్పు పట్టి కిందే ఉండిపోతే, ఎంత మంచి బల్బు వేసినా పని జరగదు.

ఇక ఎర్త్ పరీక్ష. గజం పొడవున్న వైరు తీసుకోండి. ఒక చివర ల్యాంపు డబ్బా లోహానికి గానీ హోల్డరు తొడుగుకి గానీ ఆనించండి. రెండో చివర డిక్కీలో పెయింటు లేని, మెరిసే లోహం ఉన్న చోట అదిమిపెట్టండి. ఎవరైనా బ్రేకు తొక్కి ఉంచాలి. మనిషి లేకపోతే సీటుకీ పెడల్‌కీ మధ్య ఒక కర్ర ఇరికించండి. వైరు తగలగానే కుడి లైటు భగ్గున వెలిగితే మీ జవాబు దొరికినట్టే.

అంతటితో ఆగకుండా మల్టీమీటరుతో కొలవమని నా సలహా, ఎందుకంటే సగం చెడిన ఎర్త్ కంటికి దొరకదు. మీటరు డీసీ వోల్టులలో పెట్టి, నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ పోస్టుకే తగిలించండి. క్లాంపుకి కాదు, సీసపు పోస్టుకి. బ్యాటరీ ముందుంటే పొడుగు వైరు ఒకటి కలుపుకోవాలి. ఎర్ర ప్రోబ్ హోల్డరు తొడుగు మీద పెట్టి బ్రేకు తొక్కించండి. పదోవంతు వోల్టు, మహా అయితే రెండు పదోవంతులు చూపించాలి. అర వోల్టు, ఒక వోల్టు చూపిస్తే దారిలో ఎక్కడో అడ్డముంది. పదకొండు, పన్నెండు చూపిస్తే ఎర్త్ పూర్తిగా తెగినట్టు. ఇప్పుడు ఎర్ర ప్రోబ్‌ని ఒక్కో మెట్టూ జరపండి: తొడుగు నుంచి డబ్బాకి, డబ్బా నుంచి స్క్రూ తలకి, స్క్రూ నుంచి బాడీ రేకుకి. అంకె ఎక్కడ ఒక్కసారిగా పడిపోతే, ఆ రెండు చోట్ల మధ్యే అడ్డముంది. ఇది వదిలేసి ఒట్టి టెర్మినల్ దగ్గర 12 వోల్టులు ఉన్నాయో లేవో చూసి 'కరెంటు బాగానే వస్తోంది' అనుకునేవాళ్లు చాలామంది. ఒకే ఒక్క పోగు మిగిలిన వైరు కూడా, కరెంటు లాగనంతసేపూ మీటరు మీద 12 వోల్టులే చూపిస్తుంది. అందుకే ఏం కొలిచినా బల్బు వేసి, బ్రేకు తొక్కి కొలవాలి.

ప్లస్ పక్కన కూడా అంతే. బ్యాటరీ ప్లస్ పోస్టుకీ, హోల్డరు వెనకనున్న బ్రేక్ వైరుకీ మధ్య, బ్రేకు తొక్కి ఉండగా, అర వోల్టు లోపు రావాలి. ఇది చాదస్తం కాదు. ఫిలమెంటు బల్బుకి వోల్టేజ్ పది శాతం తగ్గితే వెలుగు పది శాతం కాదు, దాదాపు ముప్పై శాతం పోతుంది. ఎర్త్‌లో అర వోల్టు, ఫ్యూజు దగ్గర కాస్త, స్విచ్‌లో కాస్త, ఇలా తలా కొంత తింటే 'ఈ కార్ల లైట్లు పుట్టుకతోనే ఇంతే' అని సర్దుకుపోయే స్థితికి వస్తాం.

ఎర్త్ బాగు చేయడానికి కొత్త పెయింటు గీకాల్సిన పని లేదు. రెండు ల్యాంపు డబ్బాలకీ లోపలి వైపు నుంచి చెరో నల్ల వైరు వేసి, చివర రింగ్ టెర్మినల్ క్రింప్ చేసి, రెండింటినీ డిక్కీలో కనబడని చోట ఒకే బోల్టు కిందికి తీసుకురండి. ఆ బోల్టు చుట్టూ మాత్రం గరుకు కాగితంతో తెల్లటి లోహం కనిపించేదాకా రుద్దాలి. మధ్యలో పళ్లున్న స్టార్ వాషరు వేసి బిగించి, పైన పల్చగా గ్రీజు పూయండి, మళ్లీ తుప్పు పట్టదు. స్వీయంగా రేకులో దిగే చిన్న స్క్రూలు వద్దు, కొన్నాళ్లకి వదులవుతాయి. చాలా కార్లలో పెట్రోలు ట్యాంకు డిక్కీకి ఆనుకునే ఉంటుంది. వైర్లు కలిపేటప్పుడు బ్యాటరీ మైనస్ తీసి పక్కన పెట్టండి, ఒక్క నిప్పురవ్వ చాలు.

ఆ కాలపు బ్రిటిష్ కార్లలో వాటి ఎలక్ట్రికల్ సామాను చేసిన లూకాస్ కంపెనీ వైర్ల రంగుల లెక్క మీకు పనికొస్తుంది. ఇగ్నిషన్ వేశాక ఫ్యూజు గుండా వచ్చే ప్లస్ ఆకుపచ్చ వైరు. అది బ్రేక్ స్విచ్‌లోకి వెళ్లి, బయటికి వచ్చేటప్పుడు ఆకుపచ్చ మీద ఊదా గీత ఉన్న వైరు అవుతుంది, అదే వెనక బ్రేక్ బల్బుల దాకా పోతుంది. టెయిల్‌కి ఎరుపు, ఎర్త్‌కి నలుపు. జర్మన్ కార్లు వాడేవాళ్లకి లెక్క వేరు: వాళ్లకి గోధుమరంగు ఎర్త్, నలుపు మీద ఎర్ర గీత బ్రేక్ లైటు, టెర్మినల్ నంబరు 54. యాభై అరవై ఏళ్లలో ఎంతమంది చేతులు పడ్డాయో తెలియదు కాబట్టి రంగు చూసి నమ్మేయకండి, మీటరు పెట్టి చూసుకోండి. ఆకుపచ్చ, ఊదా వైరు డిక్కీ దగ్గర తూటా ఆకారపు కనెక్టర్లతో కలుస్తుంది. ఆ తొడుగులు లోపల నల్లబడి, వదులై ఉంటాయి. లాగి, శుభ్రం చేసి, కాస్త నొక్కి మళ్లీ ఎక్కించండి. పూర్తిగా పాడైతే తొడుగు ఒక్కటే మార్చుకోవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక. మీ కారులో బ్రేక్ లైట్లు ఇగ్నిషన్ వేస్తేనే వెలుగుతాయి. ఇంజను ఆపి ఇగ్నిషన్ వేసి గంటలు గంటలు పరీక్షలు చేస్తే, ఆ సమయంలో కాంటాక్ట్ పాయింట్లు (కాయిల్ కరెంటుని కలిపి తెంచేవి) మూసుకుని ఉంటే, ఇగ్నిషన్ కాయిల్ గుండా కరెంటు ఆగకుండా పారి కాయిల్ కాలిపోతుంది, పాయింట్లు మాడతాయి. పని మొదలుపెట్టేముందు కాయిల్‌కి వచ్చే ప్లస్ వైరు ఊడదీసి టేపు చుట్టండి.

రెండో లోపం స్విచ్‌ది. మీది హైడ్రాలిక్ స్విచ్. బ్రేక్ ఆయిల్ ఒత్తిడికి లోపలున్న పొర పైకి లేచి, ఒక రాగి బిళ్లని రెండు కాంటాక్టుల మీదికి నెడుతుంది. రెండు 21 వాట్ల బల్బులంటే 12 వోల్టుల మీద మూడున్నర ఆంపియర్లు. పెడల్ వదిలిన ప్రతిసారీ అంత కరెంటుని ఆ చిన్న కాంటాక్టులు తెంచాలి, తెంచినప్పుడల్లా చిన్న మెరుపు, కొంచెం కొంచెంగా గుంటలు. ఆరు వోల్టుల కార్లయితే కరెంటు రెట్టింపు, బాధ కూడా అంతే.

పరీక్ష ఇలా చేయండి. ఇగ్నిషన్ వేసి స్విచ్ రెండు వైర్లూ తీసి ఒకదానికొకటి తగిలించండి. వెనక లైట్లు పూర్తి వెలుగుతో వెలిగితే వైరింగ్ మంచిదే, స్విచ్‌దే లోపం. తర్వాత వైర్లు మళ్లీ పెట్టి, బ్రేకు తొక్కి ఉండగా స్విచ్ రెండు టెర్మినల్స్ మధ్య మీటరు పెట్టండి. సున్నాకి దగ్గరగా ఉంటే కాంటాక్టులు బాగున్నాయి. ఒకటి, రెండు వోల్టులు ఉంటే కాలిపోయి ఉన్నాయి. పన్నెండు ఉంటే స్విచ్ కలవనే లేదు. మెల్లగా తొక్కుతూ అంకె ఎప్పుడు సున్నాకి పడుతుందో చూడండి. మీ కొత్త స్విచ్ గట్టిగా తొక్కితేనే కలుస్తోందంటే అది పాడైందనే కాదు, కలవడానికి ఎక్కువ ఒత్తిడి కావలసిన రకం కూడా కావచ్చు. పేరుకి కొత్తదే అయినా అలాంటివి బజారులో ఉన్నాయి. ట్రాఫిక్‌లో మనం ఎక్కువసార్లు బ్రేకు మీద కాలు ఆనించి వేగం తగ్గిస్తాం, గట్టిగా తొక్కడం తక్కువ. ఆ ఆనింపుకి లైటు వెలగకపోతే వెనకవాడికి మనం ఆగుతున్నట్టు తెలిసేది ఎలా?

స్విచ్ టెర్మినల్స్ దగ్గర తడి కనిపిస్తే మాత్రం వెంటనే మార్చాలి. లోపలి పొర చినిగి బ్రేక్ ఆయిల్ బయటికి వస్తోందని అర్థం. సింగిల్ సర్క్యూట్ బ్రేకులున్న (అన్ని చక్రాలకీ ఒకే ఆయిల్ దారి ఉన్న) కారులో అది లైటు సమస్య కాదు, బ్రేకు సమస్య. స్విచ్ తీసి కొత్తది వేశాక గాలి చేరి ఉంటుంది కాబట్టి బ్లీడింగ్ చేయించాలి, అంటే ఆ గాలిని బయటికి తీయించాలి. స్విచ్ మర (థ్రెడ్) మీద టేపు చుట్టకండి. కొన్ని స్విచ్‌లు సన్నబడే మరతో, కొన్ని రాగి వాషరుతో సీలవుతాయి, పాతది ఎలా ఉందో అదే తేవాలి. కారిన ఆయిల్ మీ కొత్త పెయింటుని తినేస్తుంది, పడిన వెంటనే నీళ్లతో కడగండి.

నా ఇష్టం అడిగితే, పెడల్ దగ్గర మెకానికల్ స్విచ్ ఒకటి అదనంగా బిగించి, దాన్ని హైడ్రాలిక్ స్విచ్‌కి సమాంతరంగా కలపమంటాను. పెడల్ పైనున్నప్పుడు ప్లంజర్ నొక్కుకుని లైటు ఆరి ఉంటుంది, పెడల్ కొంచెం కదలగానే వెలుగుతుంది. బ్రేకు పట్టకముందే లైటు వస్తుంది. సర్దేటప్పుడు ఒక్క జాగ్రత్త: స్విచ్‌ని మరీ ముందుకి తెచ్చి పెడల్ పూర్తిగా పైకి రాకుండా చేయకూడదు. పెడల్ కాస్త కిందే ఉండిపోతే మాస్టర్ సిలిండర్ లోపల ఆయిల్ వెనక్కి వెళ్లే చిన్న రంధ్రం మూసుకునే ఉంటుంది. చక్రాల దగ్గర వేడెక్కి వ్యాకోచించిన ఆయిల్‌కి చోటు లేక బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి. స్విచ్ బిగించాక పెడల్ పైభాగంలో ఆ కొద్దిపాటి ఆట ఉందో లేదో చేత్తో ఆడించి చూడండి.

రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) గురించి చాలామంది చెబుతారు, మంచిదే. స్విచ్ మీద మూడున్నర ఆంపియర్ల బదులు రిలే కాయిల్ లాగే ఆంపియరులో ఐదోవంతో అంతకన్నా తక్కువో పడుతుంది, స్విచ్ ఏళ్ల తరబడి ఉంటుంది. రిలే మీదున్న టెర్మినల్ నంబర్ల ప్రకారం, బ్యాటరీ నుంచి సొంత ఫ్యూజుతో 30కి, బల్బులకి 87 నుంచి, పాత స్విచ్ వైరు 86కి, 85 ఎర్త్‌కి. లోపల డయోడ్ ఉన్న రిలే తీసుకుంటే కాయిల్ ఆగినప్పటి ఎదురుదెబ్బ స్విచ్ కాంటాక్టులకి తగలదు, కానీ అందులో 85, 86 తారుమారు కాకూడదు. అయితే రిలే అనేది లోపం సరిచేశాక పెట్టుకునే సౌకర్యం. చెడిన ఎర్త్‌కి రిలే మందు కాదు.

ఎల్ఈడీ బల్బుల సంగతీ అంతే. ఎర్త్ సగం చెడినా అవి చక్కగా వెలుగుతాయి, ఎందుకంటే అవి లాగే కరెంటు చాలా తక్కువ. దాంతో లోపం కప్పబడిపోతుంది, బాగుపడదు. వేసేటట్టయితే ఎర్ర గాజు వెనక ఎర్ర ఎల్ఈడీయే వేయాలి, తెల్లది గులాబీ రంగులో కనిపిస్తుంది. పాజిటివ్ ఎర్త్ కార్లున్నవాళ్లు దానికి తగినది చూసుకోవాలి, మామూలువి వెలగవు.

అమెరికన్ కార్లున్నవాళ్లు ఇది చదువుతుంటే వాళ్లకో మాట. వాటిలో చాలావరకు బ్రేకుకీ ఇండికేటర్‌కీ ఒకటే ఫిలమెంటు, బ్రేక్ కరెంటు స్టీరింగ్ కింద ఇండికేటర్ స్విచ్ గుండా వెళ్తుంది. వెనక ఇండికేటర్లు రెండూ కొట్టుకుంటూ బ్రేక్ లైట్లు రెండూ వెలగకపోతే వెనక బల్బులు, ఎర్త్, వైర్లు అన్నీ మంచివే. ఫ్యూజు, బ్రేక్ స్విచ్, ఫ్యూజు నుంచి ఇండికేటర్ స్విచ్ దాకా ఉన్న వైరు చూడాలి. ఒక్క పక్కే బ్రేక్ లైటు లేక, అదే పక్క ఇండికేటర్ పనిచేస్తుంటే స్టీరింగ్ కింది కాంటాక్టులు విప్పి చూడాలి.

ఫ్యూజు మీకు కాలడం లేదు కాబట్టి ఎక్కువ రాయను. ఎప్పుడైనా బ్రేకు తొక్కగానే కాలితే కొత్తవి వేసి తగలేయకండి, ఫ్యూజు స్థానంలో ఒక 21 వాట్ల బల్బు కలపండి. ఎక్కడో షార్టుంటే ఆ బల్బే పూర్తిగా వెలుగుతుంది, కరెంటు రెండు ఆంపియర్లు దాటదు, వైర్లు కాలవు. ఒక్కో కనెక్టరు ఊడదీస్తూ వెళ్లండి, బల్బు మసకబారిన చోటే షార్టు. డిక్కీ మడత దగ్గర, ట్రైలర్ కోసం ఎవరో కలిపి వదిలేసిన వైర్ల దగ్గర ముందు చూడండి. లూకాస్ గాజు ఫ్యూజు మీద 35 అని ఉంటే అది కాలిపోయే కరెంటు, నిరంతరం మోయగలిగేది 17. దాని బదులు ఇప్పటి 35 ఆంపియర్ల ఫ్యూజు వేస్తే ముందు వైరింగే కాలుతుంది.

పని అయ్యాక టెయిల్, బ్రేకు, ఇండికేటర్ మూడూ కలిపి, తర్వాత ఒక్కోటి విడివిడిగా, రెండు పక్కలా వేసి చూడండి. ఒకటి వేసినప్పుడు ఇంకోటి కదలకూడదు. అలాగే ఇగ్నిషన్ వేసి, బ్రేకు తొక్కినప్పుడు పెట్రోలు మీటరు ముల్లు మీద ఒక కన్నేయండి. ముల్లు కదిలితే ట్యాంకు సెండరుకీ (ట్యాంకులో పెట్రోలు మట్టం కొలిచేది) వెనక లైట్లకీ ఉన్న ఉమ్మడి ఎర్త్ కూడా బలహీనంగా ఉంది. అప్పుడు సెండరు నుంచి కూడా ఒక నల్ల వైరు తెచ్చి అదే బోల్టు కింద కలపండి, బ్యాటరీ నుంచి బాడీకి వచ్చే పట్టీ రెండు చివరలూ విప్పి రుద్దండి.